గుమ్మానికి వేపమండ

సోమవారం పొద్దున బడికి వేళవుతోందని పెద్దదానికి గబగబా జడ వేస్తుంటే మెడ వెనక నీటి బొట్టులా ఒకటి కనిపించింది. తుడిస్తే పోలేదు. గౌను పైకెత్తి చూస్తే వీపంతా అవే. కొన్ని ఎర్రగా, కొన్ని నీరు పట్టి. అది 2006 ఫిబ్రవరి. సికింద్రాబాదు చిలకలగూడలో మూడు గదుల వాటాలో ఉండేవాళ్ళం. మా అత్తగారు ఒక్క చూపు చూసి, "అమ్మవారే" అని చేతులు జోడించి, వేపమండల కోసం ఇంటివాళ్ళ పెరట్లోకి వెళ్ళారు. నేను గోడ మీది క్యాలెండర్ దగ్గరికి వెళ్ళాను. వచ్చే ఆదివారం మల్కాజిగిరిలో మా పిన్ని కూతురి సీమంతం.

జ్వరమొచ్చిన మనిషి ఇంట్లో పడుకోవాలన్న దాంట్లో ఎవరికీ సందేహం లేదు. చిక్కంతా మిగతావాళ్ళది. వాళ్ళకి ఒళ్ళు వెచ్చగా లేదు, దగ్గు లేదు, ఆఫీసులో పని ఉంది, పెళ్ళి పిలుపు ఉంది. వెళ్ళాలా, మానాలా? మనవాళ్ళు దీనికి రెండే జవాబులు చెబుతారు. "ఏం కాదులే, దేవుడున్నాడు" అనేది ఒకటి. తలుపులు బిగించుకుని పాలవాణ్ణి కూడా రానివ్వకపోవడం రెండోది. ఈ రెంటిలో ఏది పట్టుకున్నా ఆలోచించే బాధ తప్పుతుంది. ఈ అధ్యాయం ఆ బాధ పడదలచినవాళ్ళ కోసం.

వేపమండల సంగతి ముందు చెబుతాను. గుమ్మానికి మండ కడితే అమ్మవారు చల్లబడుతుందని మా అత్తగారి నమ్మకం. ఆ మండ చేసే ఇంకో పని నాకు చాలా ఏళ్ళకి గాని తట్టలేదు. బండి మీద కూరగాయలమ్మే అబ్బాయి మా గేటు దగ్గర ఆగి, మండ చూసి, తక్కెడ కింద పెట్టకుండానే ముందుకి తోసుకుపోయాడు. చంటిపిల్లతో వస్తున్న ఎదురింటావిడ సగం దారిలో వెనక్కి తిరిగింది. మేం ఎవరికీ ఏమీ చెప్పలేదు. మండే చెప్పింది. సిగ్గు లేకుండా, గొడవ లేకుండా, ఇంట్లో ఏముందో వీధికి తెలిసిపోయింది. ఇప్పుడు అపార్ట్‌మెంట్లలో ఆ మండ లేదు. దాని బదులు మనమే నోరు తెరిచి చెప్పాలి. అసలు కష్టం అక్కడే ఉంది, దాని దగ్గరికి తరవాత వస్తాను.

ఈ ఊరికి అంటురోగాలతో పాత చుట్టరికం ఉంది. లష్కర్ బోనాలు జరిగే ఉజ్జయిని మహంకాళి గుడి పుట్టిందే కలరా కాలంలో. సైన్యంలో డోలీలు మోసే సురిటి అప్పయ్య 1813లో ఉజ్జయినికి బదిలీ మీద వెళ్ళాడని, అక్కడ కలరా రేగితే, అది తగ్గితే మా ఊళ్ళో నీకు గుడి కడతానని అమ్మవారికి మొక్కుకున్నాడని, 1815లో తిరిగొచ్చి మాట నిలబెట్టుకున్నాడని చెబుతారు. అదే గుడికి 2020 ఆషాఢంలో జనం రాలేదు. కరోనా కారణంగా బోనాలు ఎవరిళ్ళల్లో వాళ్ళే చేసుకోవాలని ప్రభుత్వం చెప్పింది. ఒక రోగం తగ్గిందని మొదలైన జాతర ఇంకో రోగం కోసం ఇంట్లో కూర్చుంది. నల్లకుంట ఫీవర్ ఆస్పత్రినైతే పాతవాళ్ళు ఇప్పటికీ కోరంటి దవాఖానా అనే అంటారు. క్వారంటైన్ అన్న మాటని మన నోళ్ళు నూరి నూరి కోరంటి చేశాయి.

ఇంట్లో వాళ్ళకి రోగమొస్తే మనం ఆగాలన్నది కూడా కరోనా నేర్పిన కొత్త సంగతేమీ కాదు. పాత సర్కారీ సెలవు నిబంధనల్లో క్వారంటైన్ లీవు అని ఒకటుండేది. ఉద్యోగి బాగానే ఉంటాడు. అతనింట్లో మశూచో, కలరానో, ప్లేగో ఉంటుంది. హెల్త్ ఆఫీసరు కాగితం రాస్తే, మామూలుగా 21 రోజుల దాకా, తప్పనిసరైతే 30 రోజుల దాకా, ఆఫీసుకి రావద్దని ఆపేవాళ్ళు. జీతం కోసేవాళ్ళు కాదు. డ్యూటీలో ఉన్నట్టే లెక్క. ఆటలమ్మకి మాత్రం ఈ సెలవు ఇచ్చేవాళ్ళు కాదు, అది మశూచేమోనని హెల్త్ ఆఫీసరుకి అనుమానం తగిలితే తప్ప.

ఆ అనుమానం మా నాన్నకి ఒకరోజు విశ్రాంతి ఇప్పించింది. 1974లో నాకు ఆరేళ్ళు, ఒంటి నిండా పొక్కులు. దేశంలో మశూచి ఇంకా పోలేదు. నాన్నది రైల్వే ఉద్యోగం. ఆయన్ని ఆ పూటకి ఇంటి దగ్గరే ఆగమన్నారు. మర్నాడు పెద్దాయనొకరు వచ్చి నా అరచేతులు తిప్పి చూశారు, అరికాళ్ళు చూశారు, చొక్కా ఎత్తి పొట్ట చూశారు. మశూచి అయితే మొహం మీద, చేతుల మీద, అరచేతుల్లో ఎక్కువగా, అన్నీ ఒకే ఈడువి వస్తాయి. ఆటలమ్మ అయితే పొట్టా వీపూ నిండుతుంది, ఒకటి అప్పుడే పుడుతుంటే పక్కది ఎండిపోతుంటుంది. "ఆటలమ్మే" అన్నారాయన. సాయంత్రం షిఫ్టుకి నాన్న వెళ్ళిపోయారు. ఆయనకి చిన్నప్పుడే వచ్చిపోయింది కనక వెళ్ళడం వల్ల ఎవరికీ నష్టం లేదు. ఏం రోగమో తేల్చుకోకుండా సెలవు గురించి తేల్చకూడదని ఆ పెద్దాయనకి తెలుసు.

కాబట్టి మొదట అడగాల్సింది, ఇది ఒకరి నుంచి ఇంకొకరికి ఏ దారిన వెళ్తుంది అని. దీనికీ మన ఊళ్ళోనే ఒక పెద్ద సాక్ష్యం ఉంది. 1897 ఆగస్టు 20న బేగంపేటలో రోనాల్డ్ రాస్ ఒక దోమ పొట్ట కోసి, అందులో మలేరియా పరాన్నజీవిని చూశాడు. హుసేన్ ఖాన్ అనే రోగి ఆ దోమల చేత కుట్టించుకున్నాడు, కుట్టిన దోమకి ఒక అణా చొప్పున. 1902లో రాస్‌కి నోబెల్ వచ్చింది. మనింటికి దాని వల్ల వచ్చిన లాభం ఇది: మలేరియా మనిషి పక్కన కూర్చుంటే రాదు. డెంగీ కూడా అంతే. ఇంట్లో ఒకరికి డెంగీ వస్తే మీరు ఆఫీసు మానడం వల్ల ఒరిగేదేమీ లేదు. ఆ పూట రోగికి పగలు కూడా దోమతెర కట్టండి, ఎందుకంటే డెంగీ దోమ పగలే కుడుతుంది. తరవాత డాబా ఎక్కి కూలర్లో, పూలకుండీ పళ్ళెంలో, మూతలేని డ్రమ్ములో నిలిచిన నీళ్ళు పారబోయండి. సెలవు పెట్టాల్సి వస్తే దీనికి పెట్టండి.

టైఫాయిడ్, పచ్చకామెర్లలో నీళ్ళ ద్వారా వచ్చే రకం, ఇవి నోటి దారివి. చేతులు సబ్బుతో కడుక్కుని, నీళ్ళు కాచి తాగుతూ, ఒంట్లో తేడా ఏమీ లేకపోతే మీరు బ్యాంకుకి వెళ్ళొచ్చు. అయితే టిఫిన్ సెంటర్లో చట్నీ రుబ్బేవాళ్ళు, హాస్టల్లో వండేవాళ్ళు ముందు డాక్టరుని అడగాలి. కళ్ళకలక చేతి దారిది. 2023 వర్షాకాలంలో హైదరాబాదు అంతా ఎర్రకళ్ళే. రోగి కళ్ళలోకి చూస్తే అంటుకుంటుందని ఎంతమంది నల్లద్దాలు పెట్టుకుని తిరిగారో! చూపుతో ఏదీ అంటుకోదు. అదే నల్లద్దాలాయన ఇంట్లో నలుగురికీ ఒకటే తువ్వాలు. క్షయ గాలి దారిదే అయినా, మందు మొదలుపెట్టి సరిగ్గా వాడితే సాధారణంగా రెండు మూడు వారాల్లో అంటించే శక్తి బాగా తగ్గిపోతుంది. అక్కడ ఇంట్లోవాళ్ళు చేయాల్సింది పరీక్ష చేయించుకోవడం. ఆ పరీక్ష ఎగ్గొట్టి, రోగి పళ్ళెం మాత్రం వేరుగా పెట్టి బాధపెట్టే ఇళ్ళు నేను చూశాను.

మిగిలినవి ఊపిరి దారివి. ఫ్లూ, కరోనా, తట్టు, గవదబిళ్ళలు, కోరింత దగ్గు, మా ఇంటికొచ్చిన ఆటలమ్మ. ఇల్లు వదలాలా వద్దా అన్న మాట వీటి దగ్గరే నిజంగా పుడుతుంది, ఎందుకంటే వీటిలో చాలావాటికి ఒక దొంగబుద్ధి ఉంది. మనకి తెలియకముందే బయల్దేరతాయి. ఫ్లూ జ్వరం రావడానికి ఒకరోజు ముందే అంటుకుంటుంది. ఆటలమ్మ పొక్కు లేవడానికి ఒకటి రెండు రోజుల ముందు. తట్టు దద్దురు రావడానికి నాలుగు రోజుల ముందు. "నాకేం లేదు కదా" అన్న మాట ఆ రోజుల్లో నిజమూ అవుతుంది, అబద్ధమూ అవుతుంది.

అందుకే ఆ సోమవారం నేను క్యాలెండర్ దగ్గరికి పెన్సిల్ పట్టుకుని వెళ్ళింది.

లెక్క ఇలా వేశాను, మీరూ ఇలాగే వేయండి. పెద్దదానికి సోమవారం పొక్కులు. అంటే అంతకుముందు శనివారం నుంచే అది అంటించగలదు. చిన్నదానికి ఆరేళ్ళు, ఆటలమ్మ రాలేదు, టీకా వేయించలేదు. (ఆ టీకా అప్పటికే దొరుకుతోంది. ఖరీదని వాయిదా వేశాను. ఆ తప్పు నాది.) అక్కా చెల్లెళ్ళు ఒకే దుప్పట్లో పడుకుంటారు. ఆటలమ్మ రానివాళ్ళు ఒకే ఇంట్లో ఉంటే పదిమందిలో తొమ్మిదిమందికి వస్తుంది. తగిలిన రోజు నుంచి ఎనిమిదో రోజు మొదలు, ఇరవై ఒకటో రోజు దాకా అలాంటి పిల్లల్ని అనుమానించాలని డాక్టర్లు చెబుతారు. శనివారం నుంచి ఎనిమిదో రోజు సరిగ్గా ఆదివారం. సీమంతం రోజు.

ఈ లెక్కలో చాలామంది పొరబడే చోటు ఒకటుంది. మొదలు ఎప్పుడన్నది మొదటిసారి తగిలిన రోజు నుంచి లెక్కపెట్టాలి. చివర ఎప్పుడన్నది ఆఖరుసారి తగిలిన రోజు నుంచి లెక్కపెట్టాలి. పెద్దదాని పొక్కులన్నీ ఎండి పెచ్చుకట్టేదాకా, అంటే ఐదారు రోజులు, అది చెల్లెలికి రోజూ అంటిస్తూనే ఉంటుంది. కాబట్టి 21 రోజుల గడువు పెచ్చుకట్టిన రోజు నుంచి మొదలవుతుంది. పెద్ద పిల్లకి తగ్గి, తలస్నానం చేయించి, వేపమండ తీసేసి, అమ్మయ్య అనుకున్న వారానికి రెండో పిల్ల పడకేస్తుంది. ఇళ్ళల్లో జరిగేది ఇదే, జనం దాన్ని దిష్టి అంటారు. ఫ్లూ అయితే ఇంత పెద్ద లెక్క అక్కర్లేదు, తగిలాక ఒకటి నుంచి నాలుగు రోజుల్లో తేలిపోతుంది.

మా ఇంట్లో మిగిలింది పెద్దవాళ్ళం. నాకు 1974లో వచ్చింది. మా ఆయనకీ, అత్తగారికీ చిన్నప్పుడే వచ్చింది. మా ముగ్గురి వల్ల ప్రమాదం దాదాపు లేనట్టే. అంటే ఒకే ఇంట్లో ఒకరు కదలకూడదు, ఒకరు అనుమానం కింద ఉండాలి, ముగ్గురు మామూలుగా తిరగొచ్చు. ఇంటికంతటికీ ఒకటే తీర్పు ఇవ్వక్కర్లేదు. చాలా గొడవలు ఇంటిని మొత్తంగా ఒక మనిషిగా చూడడం వల్లే వస్తాయి. "వాళ్ళింట్లో ఉందట" అన్నాక ఇంక ఎవరు ఏమిటని అడగరు.

ఇంక మూడో సంగతి, మనం వెళ్ళే చోట ఎవరున్నారు. రైతుబజారుకి వెళ్ళడం వేరు, పురిటింటికి వెళ్ళడం వేరు. కీమో చేయించుకుంటున్న బాబాయిని చూడబోవడం వేరు. సీమంతంలో మధ్యన కుర్చీలో కూర్చునేది గర్భిణి. ఆటలమ్మ గర్భిణికి వస్తే ఆమెకి ఊపిరితిత్తుల దాకా పోవచ్చు, బిడ్డకీ ముప్పే. మంగళవారం పిన్నికి ఫోన్ చేశాను. ఫోన్ ఎత్తి నంబరు నొక్కే లోపు రెండుసార్లు పెట్టేశాను. మనవాళ్ళకి శుభకార్యం ముందు ఇలాంటి మాట చెప్పడం ఎంత కష్టమో చెప్పనక్కర్లేదు.

"ఏం కాదే, అమ్మవారు వచ్చిందంటే మంచిదే, పిల్లల్ని అత్తగారి దగ్గర వదిలి మీరిద్దరూ రండి" అంది పిన్ని. పిలిచినవాళ్ళు ఎప్పుడూ ఇలాగే అంటారు. రావద్దని అనే నోరు వాళ్ళకి ఉండదు, అందుకే ఆ మాటని పట్టుకుని బయల్దేరకూడదు. రాత్రి తొమ్మిదింటికి మళ్ళీ ఫోన్ మోగింది. ఈసారి చెల్లెలు, గొంతు తగ్గించి. "అక్కా, నాకు చిన్నప్పుడు వచ్చిందో లేదో అమ్మకి గుర్తులేదట." రేపు డాక్టరమ్మకి చెప్పు, రక్తపరీక్షలో తెలుస్తుంది, అన్నాను. పిన్నికి చెప్పిన మాట పిన్ని దగ్గరే ఆగిపోతే ఆ పరీక్ష జరిగేది కాదు. కాబట్టి చెప్పాల్సినప్పుడు ఎవరికి ముప్పుందో వాళ్ళకే చెప్పండి, ఇంటిపెద్దకి చెప్పి చేతులు దులుపుకోవద్దు.

ఏం చెప్పాలో కూడా రాస్తాను, ఎందుకంటే సమయానికి మాటలు దొరకవు. "మా పెద్దమ్మాయికి ఆటలమ్మ వచ్చింది, సోమవారం బయటపడింది. చిన్నదాన్ని తీసుకురాను. నాకు చిన్నప్పుడే వచ్చింది కనక నావల్ల భయం లేదంటున్నారు. అయినా మీరు డాక్టరుని అడిగి, రమ్మంటే వస్తాను, వద్దంటే ఏమీ అనుకోను." ఇంతే. రోగం పేరు, తేదీ, ఎవరు రారు, ఎవరు రావచ్చు, నిర్ణయం వాళ్ళది. "ఒంట్లో బాలేదు" అని నమిలితే వాళ్ళు ఏం నిర్ణయించుకోగలరు?

శుక్రవారం కబురొచ్చింది. చెల్లెలికి ఎప్పుడో వచ్చిపోయిందట, రక్తంలో ఆనవాళ్ళున్నాయి. నేనొక్కదాన్నీ వెళ్ళి గాజులు తొడిగి వచ్చాను. ఒక పెద్దావిడ నా పక్కన కూర్చున్నదల్లా సంగతి విని రెండు కుర్చీలు అవతలికి జరిగింది. నాకు నవ్వొచ్చింది గాని తప్పు పట్టలేదు. ఆవిడకి ఆ హక్కుంది.

ఇలా చెప్పకపోతే ఏమవుతుందో 2020 మార్చిలో మన ఊళ్ళోనే చూశాం. ఆ నెల 2న తెలంగాణలో మొదటి కరోనా కేసు సికింద్రాబాదు మహేంద్రా హిల్స్‌లో ఉండే యువకుడిదని తెలిసింది. గాంధీ ఆస్పత్రిలో చేర్చారు, వీధి వీధంతా మందు చల్లారు. ఆ మనిషి రోగంతో పడిన బాధ ఒకెత్తు, ఆ వీధిలోవాళ్ళని ఊరు చూసిన చూపు ఒకెత్తు. ఆ చూపుకి భయపడి ఎంతమంది నోరు మూసుకున్నారో లెక్క ఎవరు వేయగలరు? అదే నెల 21న ఢిల్లీకి చెందిన దంపతులు సికింద్రాబాదులో రాజధాని ఎక్స్‌ప్రెస్ ఎక్కారు. చేయి కడుక్కుంటుంటే భర్త చేతి మీది హోమ్ క్వారంటైన్ ముద్ర తోటి ప్రయాణికుడి కంటబడింది. కాజీపేటలో ఇద్దర్నీ దించేశారు. వాళ్ళని తిట్టినవాళ్ళలో నేనూ ఉన్నాను. తరవాత ఆలోచిస్తే, పరాయి ఊళ్ళో చేతిమీద ముద్రతో చిక్కుకుపోయిన మనిషికి ఇంటికి పోవాలనిపించడంలో వింతేముంది అనిపించింది. ఆగమని ముద్ర వేసినంత తేలిక కాదు, ఆగడానికి చోటు చూపించడం.

ఇది మనింటి గడప లోపలా జరుగుతుంది. ఆ ఫిబ్రవరిలో మా పనిమనిషికి మూడు నెలల మనవడు. నీకు ఆటలమ్మ వచ్చిందా అని అడిగితే, "ఏమో అమ్మా, ఎవరు చూసిన్రు" అంది. నెల రోజులు రావద్దన్నాను. ఆమె మొహం మాడిపోయింది. నెల జీతం చేతిలో పెడితే గాని నేనన్నది సెలవని ఆమెకి అర్థం కాలేదు. జీతం లేకుండా ఇంట్లో కూర్చోమనడం శిక్ష, సలహా కాదు. రోజుకూలీ మనిషికి పద్నాలుగు రోజులు ఆగమని చెప్పేవాళ్ళు ముందు ఆ పద్నాలుగు రోజుల బియ్యం సంగతి మాట్లాడాలి. ఆగలేనివాళ్ళు ఉంటారు. అద్దగుట్టలోనో రసూల్‌పురాలోనో ఒకే గదిలో ఆరుగురున్న చోట విడిగా ఉండడం మాటకే. అక్కడ చేయగలిగింది కిటికీ తీసి రోగి పక్క దాని దగ్గరికి జరపడం, మాస్కు, బయటికి వెళ్ళక తప్పనివాళ్ళు అక్కడ కూడా మాస్కు తీయకపోవడం, చంటిపిల్లలూ ముసలివాళ్ళూ ఉన్నచోట కాలు పెట్టకపోవడం. పూర్తిగా ఆగలేనివాళ్ళు సగం ఆగినా దానికి విలువుంది.

జీతాలొచ్చే మనకి ఆ ఇబ్బంది లేదు గాని వేరే జబ్బుంది. జ్వరంలో కూడా డ్యూటీ ఎక్కానని చెప్పుకునే గొప్ప. ఒక బడిలో నూటికి నూరు శాతం హాజరుకి బహుమతి ఇచ్చేవాళ్ళు. స్టేజీ మీద ఆ కప్పు అందుకున్న పిల్లాడు గవదబిళ్ళలతో బుగ్గలు వాచి ఉండగా వారమంతా బడికి వచ్చాడని మా పెద్దది చెప్పింది. ఆ నెల తరగతిలో తొమ్మిదిమంది ఖాళీ. ఆ కప్పు ఎవరి ఖర్చుతో ఇచ్చినట్టు? మీ కింద పనిచేసేవాళ్ళుంటే, ఇంట్లో అంటురోగం ఉందని ఎవరైనా నిజం చెప్పిన రోజున మీరు మొహం ఎలా పెడతారో అద్దంలో ఒకసారి చూసుకోండి. రెండోసారి వాళ్ళు చెప్పాలా వద్దా అన్నది ఆ మొహమే తేలుస్తుంది.

ఆగడంలో ఇంకో చేదు కూడా ఉంది. ఆగినందువల్ల తప్పిన కీడు ఎవరికీ కనిపించదు. చిన్నదాన్ని సీమంతానికి తీసుకువెళ్ళనందుకు అది రెండు రోజులు నాతో మాట్లాడలేదు. పట్టులంగా కుట్టించి ఉంది మరి. జరిగినదాన్ని బట్టి వెనక్కి లెక్కేస్తే, ఆ ఆదివారం తీసుకువెళ్ళినా బహుశా ఏమీ అయ్యేది కాదు. ఆ లెక్క ఆ ఆదివారం నాకు తెలిసే వీలు లేదు.

పెద్దదాని పొక్కులు పెచ్చుకట్టి రాలుతున్నాయి. క్యాలెండర్ మీద పదిహేనో గడి కూడా కొట్టేశాను. ఆ సాయంత్రం చిన్నది వంటింట్లోకి వచ్చి, గౌను ఎత్తి, బొడ్డు పక్కన ఎర్రటి చుక్క చూపించింది.

"అమ్మా, దోమ కుట్టింది" అంది.

అత్తగారు తొంగి చూసి, ఏమీ అనకుండా, పెరటి గొళ్ళెం తీశారు.